షెంగెన్ వాకిట యాత్రికుడు

లక్సెంబర్గు అను చిన్న రాజ్యమునకు ఆగ్నేయపు కొనను, మోజెల్ నదీతీరమున, ద్రాక్షతోటల నడుమ షెంగెన్ అను గ్రామమొకటి కలదు. నదికి ఆవలి యొడ్డు జర్మనీ. కొంచెము దక్షిణమునకు నడచినచో ఫ్రాన్సు. 1985 జూన్ 14వ తేదీన బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు, ఫ్రాన్సు, నాటి పశ్చిమ జర్మనీ దేశముల ప్రతినిధులు ఈ గ్రామము చెంత నదిలో నిలిపిన ‘ప్రిన్సెస్ మరీ ఆస్ట్రిడ్’ అను నావపై సమావేశమై, తమ నడిమి సరిహద్దులలో తనిఖీలను క్రమక్రమముగా తొలగించుకొందుమని ఒడంబడిక వ్రాసికొనిరి. నేడు పారిస్ నగరమును చూడగోరి హైదరాబాదు నుండి బయలుదేరు తెలుగు గృహస్థుని పాస్‌పోర్టులో అతికింపబడు వీసా చీటీకి ఆ గ్రామము పేరే నిలిచిపోయినది.

మార్గమధ్యమున ఆపి అడుగువాడు లేకుండుట యాత్రికునకు సుఖమే గాని, ఆ సుఖము ఊరక లభించినది కాదు. లోపలి గడపలనన్నింటిని తీసివేసికొన్న ఉమ్మడి కుటుంబము వీధివాకిలిని ఎంత మెలకువతో కాచుకొనవలసివచ్చునో, ఈ దేశములకును అంత మెలకువ అవసరమయ్యెను; ఏలయన, ఏథెన్సు విమానాశ్రయమున ఒకమారు లోనికి వచ్చిన మనుష్యుడు ఆపై ఆమ్‌స్టర్‌డామ్ వరకును సరిహద్దు ముద్ర అన్నది లేకయే పోగలడు. (ఇటీవల జర్మనీ మొదలగు కొన్ని దేశములు తాత్కాలికముగ తనిఖీలను మరల పెట్టుకొన్నవి, కావున లోపల తిరుగునప్పుడును పాస్‌పోర్టును బసలో వదలి పోరాదు.) 1990లో వ్రాసికొన్న అనుబంధ ఒప్పందము 1995 మార్చి 26 నుండి ఏడు దేశములలో అమలునకు వచ్చినప్పుడు, లోపలి తనిఖీలు తొలగుటయు, వెలుపలివారికి ఒకే తీరు వీసా ఏర్పడుటయు ఒక్కమారే జరిగెను. కాగితముల మోపును చూచి మనము విసుగుకొందుమే గాని, వానిని పరిశీలించు అధికారి తన దేశమునకే గాక మరి 28 దేశములకును పూచీ వహించుచున్నాడను సంగతి మనకు స్ఫురింపదు. అతనిని వేధించు ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి వచ్చిన పని చూచుకొని గడువులోపల మరలిపోవునా? అడుగు కాగితములన్నియు ఆ ప్రశ్నకు సాక్ష్యములే.

ఈ షెంగెన్ మండలమును ఐరోపా సమాఖ్యయే యని పొరబడువారు పెక్కురు. స్విట్జర్లాండు, నార్వే, ఐస్‌లాండు, లిక్టెన్‌స్టైన్ సమాఖ్యలో లేకున్నను మండలములో ఉన్నవి. ఐర్లాండు, సైప్రస్ సమాఖ్యలో ఉన్నను మండలములో లేవు. 2023 ఆరంభమున క్రొయేషియాయు, 2025 జనవరి 1 నాటికి అన్ని మార్గములకును రొమేనియా, బల్గేరియాలును చేరుటతో సంఖ్య 29కి పెరిగినది. బ్రిటను ఎన్నడును ఇందులో లేదు. లండన్‌కు వేరు వీసా, వేరు రుసుము, వేరు తతంగము. మన చలనచిత్రములలో నాయికానాయకులు ఒక పాటలోనే ఆల్ప్స్ మంచుకొండల నుండి లండన్ వంతెనపైకి గంతువేయుదురు గాని, టిక్కెట్టు కొని ఆ పాటను చూచివచ్చిన ప్రేక్షకునకు ఆ సౌకర్యము లేదు.

ఇన్ని దేశములుండగా దరఖాస్తు ఎవరికి పెట్టుకొనవలెను? ఏ దేశమున ఎక్కువ దినములు గడపదలచితిమో ఆ దేశమునకే. రెండుచోట్ల సమానముగ గడపునెడల, మొదట అడుగుపెట్టు దేశమునకు. ఫలానా దేశమువారు త్వరగా వీసా ఇత్తురను వదంతిని నమ్మి, అచ్చట రెండు దినములు, మరియొకచోట పది దినములు గడపునట్లు పథకము వేసికొని మొదటివారి వద్దకు పోవుట చూచుచునే యున్నాము. ఇది తెలివి గాదు. ప్రయాణపథకమును చదువగనే ఆ అధికారి ‘మీ ముఖ్య గమ్యము మా దేశము కాదు’ అని పంపివేయగలడు. ప్రయాణమునకు ఆరు నెలల ముందు మొదలుకొని 15 దినముల ముందువరకు దరఖాస్తు స్వీకరింతురు. నిర్ణయమునకు సాధారణముగ 15 దినములు, సందేహమున్నచో 45 దినముల వరకును పట్టవచ్చును. వేసవి సెలవులకు పోదలచువారికి అసలు కష్టము నిర్ణయము నాటిది కాదు, అపాయింట్‌మెంటు దొరకుట నాటిది. కావున ఉగాది నాటికి గాక సంక్రాంతి నాటికే ఆ ఊసు ఎత్తుట మేలు. హైదరాబాదులో పలు దేశముల దరఖాస్తు కేంద్రములున్నవి గాని, అవి కాగితములను, వేలిముద్రలను గైకొని పంపునవియే; అవునన్నను కాదన్నను రాయబార కార్యాలయమువారే అనవలెను. ఆ కేంద్రపు గుమస్తాతో వాదించి సాధించునది ఏమియు లేదు.

పాస్‌పోర్టు గడచిన పదేండ్లలోపల జారీయైనదై, మండలమును వీడు తేదీకి పిమ్మట కనీసము మూడు నెలలు చెల్లునదై, రెండు ఖాళీ పుటలు కలదై యుండవలెను. రుసుము 2024 జూన్ నుండి పెద్దలకు 90 యూరోలు, ఆరేండ్లు నిండి పన్నెండేండ్లు నిండని పిల్లలకు 45. అంతకు చిన్నవారికి లేదు. దీనిపై కేంద్రమువారి సేవారుసుము అదనము. వీసా రాకున్నను ఈ సొమ్ము తిరిగి రాదు. మండలమంతట చెల్లుచు, 30,000 యూరోలకు తక్కువ కాని వైద్యబీమా తప్పనిసరి. అత్యవసర చికిత్స, రోగిని స్వదేశమునకు చేర్చుట, దైవవశమున మరణము సంభవించినచో కళేబరమును తెచ్చుట ఇందులో ఇమిడియుండవలెను. ఒకమారు ఇచ్చిన వేలిముద్రలు 59 నెలల వరకు పనికివచ్చును. పన్నెండేండ్లలోపు పిల్లలకు వేలిముద్రల పని లేదు.

అసలు సాక్ష్యములు ఇక మీదివి. బ్యాంకులో ఎంత సొమ్మున్నదను దానికంటె అది ఎట్లు వచ్చినదనునదే ముఖ్యము. ఆరు నెలలుగ నలుబది వేల జీతము వచ్చి పోవుచున్న ఖాతాలో దరఖాస్తుకు వారము ముందు ఎనిమిది లక్షలు హఠాత్తుగ వచ్చిపడినచో, అది బావమరిది బదులిచ్చిన సొమ్మని గ్రహించుటకు అధికారికి గొప్ప ప్రజ్ఞ అక్కరలేదు. మితమైన నిల్వయైనను నెలనెల క్రమముగ కనబడు ఖాతాకు విలువ హెచ్చు. ఉద్యోగి యగునెడల జీతపు చీటీలును, సెలవు మంజూరుచేసి తిరిగి విధులలో చేరు తేదీని పేర్కొన్న యజమాని లేఖయు; వ్యాపారి యగునెడల రిజిస్ట్రేషను పత్రములును, ఆదాయపు పన్ను రిటర్నులును; పింఛనుదారునకు పింఛను ఉత్తరువును; రైతునకు పట్టాదారు పాసుపుస్తకమును, పంట అమ్మిన రసీదులును జతపరచదగినవి. నా దృష్టిలో పాసుపుస్తకమును మించిన సాక్ష్యము లేదు. నాలుగెకరముల మాగాణిని వదలి ఎవడు పరదేశమున దాగియుండును? అయితే అది తెలుగులో ఉండును గనుక ఆంగ్లానువాదమును చేర్చుట మరువరాదు.

పిల్లలను చూడబోవు తల్లిదండ్రుల సంగతి కొంత వేరు. జర్మనీలో ఉద్యోగముచేయు కుమారుడు అచ్చటి విదేశీయుల కార్యాలయమున తన ఆదాయమును చూపి, తల్లిదండ్రుల ఖర్చులకు తానే బాధ్యుడనని పూచీపత్రము పొంది పంపవచ్చును. ఫ్రాన్సులో ఇంట బస ఇచ్చువారు పురపాలక కార్యాలయమున ఆతిథ్యపత్రము పొందవలెను. ఇవి ధనమునకును బసకును సమాధానములు. తిరుగుప్రయాణమునకు సమాధానము ఇచ్చటి ఇల్లు, పొలము, పింఛను, మిగిలిన సంతానము చెప్పవలసినదే.

తెలుగువారికి ప్రత్యేకముగ ఎదురగు చిక్కు పేర్లలోనున్నది. బడి ధ్రువపత్రములో ‘కె. వెంకటేశ్వరరావు’, పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి ఒక గడిలోను, సొంతపేరు వేరొక గడిలోను, బ్యాంకులో ‘వెంకటేశ్వరరావు కె’. స్త్రీల విషయమున ఇది మరింత జటిలము: వివాహమునకు పూర్వపు ఇంటిపేరుతో ఉద్యోగము, అత్తవారి ఇంటిపేరుతో పాస్‌పోర్టు. మన యూరిలో దీనిని ఎవ్వరును శంకింపరు గాని, వియన్నాలోనో హెల్సింకిలోనో పెరిగిన అధికారికి ఇవి ముగ్గురు మనుష్యుల కాగితములుగ కనబడును. బ్యాంకు ఖాతాను, విమానపు టిక్కెట్టును, బీమాను పాస్‌పోర్టులోని అక్షరములకు సరిపుచ్చుకొనుటయు, సాధ్యముకాని చోట వివాహ ధ్రువపత్రము జతచేసి, విన్నపలేఖలో రెండు పంక్తులలో విషయము వివరించుటయు ఉచితము.

లేని హోటలు బుకింగును, లేని ఉద్యోగమును కాగితముపై సృష్టించి ఇచ్చెదమను ఏజెంట్లు ఉన్నారు. వారి మాట వినకుడు. దరఖాస్తులన్నియు ఒకే కంప్యూటరు భాండారమున ఐదేండ్లపాటు నిలువయుండును. ఒక దేశమున పట్టుబడిన అబద్ధము తక్కిన 28 దేశముల అధికారులకును తెరపై కనబడును. నిజముగ చేసి, అవసరమైనచో రద్దుచేసికొనగల బుకింగు చాలును. వీసా రాకముందే సొమ్ము తిరిగిరాని టిక్కెట్టు కొనవలసిన పనిలేదు. తిరస్కారము వచ్చినచో కారణమును సూచించు పత్రమును ఇత్తురు. ఆ దేశపు చట్టము ననుసరించి అప్పీలు చేసికొను హక్కును కలదు. పూర్వ తిరస్కారమును దాచుటకంటె ఒప్పుకొని వివరించుటయే క్షేమము. నియమములను పాటించినవారికి ఫలమును ఉన్నది: 2024 ఏప్రిల్‌లో భారతీయులకై చేసిన ఏర్పాటు ప్రకారము, గడచిన మూడేండ్లలో రెండు వీసాలు పొంది సక్రమముగ వాడుకొన్నవారికి రెండేండ్ల వీసాయు, ఆ పిమ్మట పాస్‌పోర్టు గడువున్నచో ఐదేండ్ల వీసాయు లభింపవచ్చును.

చేతికి వచ్చిన చీటీని నిదానముగ చదువుకొనవలెను. ఒకటి, ‘ఈ తేదీ నుండి ఈ తేదీ వరకు’ అను చెల్లుబాటు. వేరొకటి, ఉండదగిన దినముల సంఖ్య. ప్రయాణము కొంచెము వెనుకముందైనను ఇబ్బంది లేకుండుటకు చెల్లుబాటులో సాధారణముగ 15 దినముల వెసులుబాటు చేర్తురు. చీటీపై నెల దినముల చెల్లుబాటును చూచి సంబరపడి, 12 దినముల అనుమతిని మించి యుండినవాడు గడువు దాటినవాడే యగును. ప్రవేశించిన దినమును, వెడలిన దినమును రెండును లెక్కలోనివే. ఒక్క ప్రవేశపు వీసాతో పారిస్ నుండి లండన్ పోయినవాడు తిరిగి పారిస్ రాలేడు. ఐదేండ్ల వీసా కలవాడైనను ఏ దినమున నిలిచి వెనుకకు చూచినను, గడచిన 180 దినములలో 90 దినములకు మించి మండలమున ఉండియుండరాదు. జనవరితో లెక్క క్రొత్తగ మొదలగుననుకొనుట భ్రమ. లోగడ ముద్రలను లెక్కించి అధికారులు తేల్చుకొనెడివారు. 2025 అక్టోబరు 12 నుండి అంచెలుగ ప్రవేశపెట్టిన యంత్రవిధానమున రాకపోకల తేదీలు కంప్యూటరులోనే నమోదై, ఎన్ని దినములు మిగిలినవో అదియే చెప్పును.

ఇంతయు అయినను వీసా వాకిటికి వచ్చి అడుగుటకు అనుమతియే గాని ప్రవేశమునకు హామీ కాదు. శంషాబాదులో విమానమెక్కించువారే మొదట చీటీని పరీక్షింతురు. అర్హత లేనివానిని తెచ్చిన విమానసంస్థయే వానిని వెనుకకు కొనిపోవలసియుండును గనుక వారి జాగ్రత్త వారిది. దిగిన చోట అధికారి ఎందుకు వచ్చితివి, ఎచ్చట దిగుదువు, ఎంత సొమ్ము తెచ్చితివి, తిరుగు టిక్కెట్టేది అని అడుగవచ్చును. దరఖాస్తులో చెప్పినదే క్లుప్తముగ చెప్పవలెను. హోటలు కాగితము, బీమా పత్రము, తిరుగు టిక్కెట్టు సామానులో వేసి విమానపు కడుపులోనికి పంపివేసినవారు ఆ కిటికీ ముందు దిక్కులు చూచుచు నిలువవలసివచ్చును. అవి చేతిసంచిలో ఉండవలసినవి.