కుండలో వండిన మాటలు

కఱవుసీమలో నవ్వుకూడ పంటవంటిదే. ఏటేట చేతికి రాదు. అనంతపురపు మెట్టనేలపై ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును వేళకు రాదు. విరాటపర్వ మాడించినచో వానలు కురియునని మన పెద్దల నమ్మకము. మా బాల్యమున అట్టి యొక యెండకారు సంవత్సరమున మా పల్లెవారు తోలుబొమ్మలవారిని పిలిపించి తెల్లవార్లు ఆ కథ నాడించిరి. అందు కీచకవధకంటె మాకు మఱపురానిది నడుమ వచ్చిన జుట్టుపోలిగాడు, బంగారక్కల కలహము. ఆ ఘట్టమును గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

ఈ యాట చూడని సోదరీమణులకు ఒక మాట. పలుచన చేసిన మేకతోలును బొమ్మలుగా కోసి, రంగులు దిద్ది, తెల్లని తెరకు ఆనించి, వెనుక దీపముంచి ఆడింతురు. కథ బరువెక్కి జనులకు కునుకు పట్టు వేళకు ఈ దంపతులు ప్రవేశింతురు. వీరి సంభాషణ యే గ్రంథమునను లేదు. ఏ యూర నాడిన ఆ యూరి కష్టసుఖములే వీరి నోట పలుకును.

ఆ యేడు మా చేలలో వేరుసెనగ యెండిపోయినది. పోలిగాడు జుట్టెగురవేయుచు వచ్చి అన్నము పెట్టుమని గద్దించెను. ఆలికి పేరు బంగారక్కయే కాని మెడలో పసుపుకొమ్ము తప్ప వేఱేమియు లేదు.

“ఈ యేడు శెనిక్కాయలు పండనీ, నీ మెడకి కాసులదండ సేపిస్తా!”

“పోయినేడు గూడా ఇదే మాట సెప్తివి. శెనిక్కాయలు పండల్యా, నీ మాటలు మాత్రం బాగా పండినాయి. అవే కుండలో పోసి వండినా, తిను.”

పోలిగాడు చేయెత్తెను, బంగారక్క జుట్టందుకొనెను. బొమ్మను వెనుకకు లాగినకొలది ఆ జుట్టు నీడ పెరిగి తెరయంతయు నిండెను. తెర వెనుక పలకలు త్రొక్కు చప్పుడు దెబ్బలవలె మ్రోగెను. అంతవఱకు మోకాళ్లపై గడ్డ మానించి కూర్చున్న మా అవ్వ, కొంగు నోట క్రుక్కుకొని నవ్వినది. విత్తనములకై తెచ్చిన అప్పు తీరని యేడది. ఆ వేసవిలో ఆమె నవ్వుట మేము చూచి యెఱుగము.

పెద్దయైన పిదప మాకొక సంగతి తోచినది. వీథినాటకములలో ఆడువేషములు సయితము మగవారే కట్టుచుండిన దినములలో, తోలుబొమ్మలాటలో ఆడుబొమ్మలకు ఆ కుటుంబముల స్త్రీలే గొంతు నిచ్చెడివారు. బంగారక్క జవాబు నిజముగా ఒక ఇల్లాలి నోటనే వెలువడినది. ఆ హాస్యము కొన్ని చోట్ల మోటు. పిల్లల యెదుట వినదగని మాటలును దొర్లును. అయినను ఆ జవాబు స్త్రీలతో ఇంటికి నడచినది. మరునాడు మా తాత యేదో గొప్ప పలుకగా, “కుండలో పోసి వండేదా?” అని అవ్వ యడిగెను. తాత నవ్వి యూరకుండెను.

ఆలుమగల కలహమున నవ్వు పుట్టించుట మన సొత్తు మాత్రమే కాదు. బ్రిటిషువారి పంచ్, జూడీ బొమ్మలాటకు మూలమైన ఆటను లండనులో 1662లో చూచినట్లు శామ్యూల్ పెపిస్ తన దినచర్యలో వ్రాసికొనెను. 1975, 1979 సంవత్సరములలో వారి టెలివిజనులో 12 భాగములుగా వచ్చిన ‘ఫాల్టీ టవర్స్’ లో, సిబిల్ కేక విన్నంతనే బాసిల్ బింకము జారిపోవును. పంచ్ చేత దుడ్డుకఱ్ఱ యున్నది. సిబిల్‌కువలె మా బంగారక్కకు మాటయే యాయుధము. మాకు నచ్చినది మాటయే.

ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది, నేటికిని ఈ విద్యకు పుట్టినిల్లు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. కాని యాట పిలుపులు తగ్గి, పలువురు తోలుదీపపు గూళ్లు చేసి జీవించుచున్నారు. బొమ్మ గోడకెక్కిన చూడ ముచ్చటయే. అయితే గోడమీది బంగారక్క బదులు చెప్పదు. ఆమె పలుకవలెనన్న, ఊరిజాతరకైనను పెండ్లికైనను ఒక్క రాత్రి యాట కట్టింపుడు. వాన కురిసినను కురియకున్నను, ఇంట నవ్వు కురియును.