చూపుకు రెండూ ఒకటే... ఒకటి మందు, రెండవది విషం

రంగు లేదు. చేతికి జిగటగా, నాలుకకు తియ్యగా ఉంటుంది. దగ్గుమందుల తయారీలో వాడే గ్లిజరిన్ లక్షణాలివి. బ్రేక్ ఆయిల్ వంటి వాటిలో వాడే పారిశ్రామిక రసాయనం డైఇథిలీన్ గ్లైకాల్ లక్షణాలూ ఇంచుమించు ఇవే. మొదటిది నిరపాయకరం కాగా, రెండవది మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది.

ఈ పోలికకు ఉపఖండం భారీ మూల్యమే చెల్లించింది. 1986లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో కలుషిత గ్లిజరిన్ 14 మంది రోగులను బలిగొన్నది. 1990-92 మధ్య ఢాకాలో కారణం తెలియని మూత్రపిండాల వైఫల్యానికి గురైన 339 మంది పిల్లలలో 236 మంది మరణించారు. వారిలో కొందరు తాగిన పారాసిటమాల్ సిరప్‌లో ఈ విషం ఉన్నట్లు బయటపడింది. 1998లో గుర్‌గావ్‌లో 33 మంది చిన్నారులు ఇదే విధంగా కన్నుమూశారు.

గుర్తించేదెలా?

కంటికి చిక్కని తేడా కొలతకు చిక్కుతుంది. గ్లిజరిన్ సాంద్రత 1.26 కాగా, డైఇథిలీన్ గ్లైకాల్ సాంద్రత 1.12. మొదటిది 290 డిగ్రీల సెల్సియస్ వద్ద, రెండవది 245 డిగ్రీల వద్ద మరుగుతాయి. పొటాషియం బైసల్ఫేట్‌తో కలిపి వేడిచేస్తే గ్లిజరిన్ నుంచి ముక్కు మండించే ఘాటైన వాసన వెలువడుతుంది.

అయితే ఈ పరీక్షలకు ఒక పరిమితి ఉన్నది. పీపాలో గ్లిజరిన్ ఉన్నదని ఘాటు వాసన చెప్పగలదే గాని, దానిలో మరేదీ కలవలేదని చెప్పలేదు. కల్తీ స్వల్పమైతే సాంద్రతలోనూ చెప్పుకోదగిన మార్పు కనిపించదు. అందువల్ల మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే క్రోమటోగ్రఫీ పరీక్ష అవసరమవుతున్నది. ఈ విషానికి అనుమతించిన పరిమితి 0.1 శాతం మాత్రమే.

పరీక్ష ఎవరి కోసం?

2023 జూన్ 1 నుంచి ఎగుమతి చేసే దగ్గుమందులకు ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షను కేంద్రం తప్పనిసరి చేసింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో 20 మందికి పైగా పిల్లల మృతికి కారణమైన సిరప్ మాత్రం దేశంలోనే అమ్మినది. తమిళనాడు అధికారుల పరీక్షలో అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్లు తేలింది. అనుమతించిన పరిమితికి ఇది దాదాపు 500 రెట్లు.

ఇంత మోతాదులో ఉన్న విషాన్ని పట్టుకోవడం ప్రయోగశాలకు కష్టమేమీ కాదు. పిల్లలు మరణించాక జరిగిన ఆ పరీక్ష, సీసా దుకాణానికి చేరకముందే జరిగి ఉండవలసింది.