ఋతువు తప్పిన శిశువ్యాధి

వానలు పట్టినను, చలి ముదిరినను పసిపిల్లలకు పడిశము పట్టుట తల్లు లందరు ఎరిగినదే. ఏటేట ఇట్లు వేళకు వచ్చెడి వ్యాధి 2020లో కొన్ని దేశములందు రాలేదు. కోవిడ్ నివారణకై విధించిన కట్టుబాట్లే ఇందులకు ముఖ్యకారణము. అయితే వ్యాధి నిజముగా తొలగిపోయెనా? లేక వాయిదా పడెనా?

పిల్లల శ్వాసకోశమునకు సోకు వైరసులలో ఆర్.ఎస్.వి. అనునది ముఖ్యమైనది. రెండేండ్లు నిండునప్పటికి ఇది సోకని బిడ్డ అరుదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఇది సాధారణముగా పడిశము మాత్రమే. నెలల శిశువునకు సోకినచో, ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తులలోని సన్నని గాలిగొట్టములు వాచి, కఫముతో పూడుకొని, ఊపిరి అందదు. ఒకసారి వచ్చినంత మాత్రమున శాశ్వతరక్షణ కలుగదు. కాని మొదటిసారి యున్నంత తీవ్రత తరువాత సాధారణముగా నుండదు.

పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రమున జరిగినది చూడుడు. అది దక్షిణార్ధగోళ మగుటచే అచ్చట జూన్ నుండి ఆగస్టు వరకు శీతకాలము. 2020 శీతకాలమున పిల్లలలో ఆర్.ఎస్.వి. కేసులు మునుపటి యేండ్లకన్న 98 శాతము తగ్గినవి. అప్పటికే బడులు తెరచియున్నవి; రాష్ట్రపు సరిహద్దులు మాత్రము మూసియున్నవి. అయినను వసంతమున కేసులు పెరుగ నారంభించి, డిసెంబరు వేసవిలో, మునుపటి శీతకాలములందలి సామాన్య పరాకాష్ఠను మించినవి. రోగుల వయస్సు సైతము మారినది. మునుపు మధ్యస్థ వయస్సు సుమారు ఏడు నుండి పండ్రెండు నెలల నడుమ నుండగా, ఈ మారు పదునెనిమిది నెలలు దాటినది.

ఇట్లేల జరిగెను? ఏటేట పుట్టు శిశువులు వ్యాధి నెరుగని వారు. ప్రతి ఋతువునందును వారిలో పలువురికి అది సోకి, ఎరుగనివారి సంఖ్య తగ్గును. ఒక ఋతువు వ్యాధి లేక గడచినచో, ఆ యేటివారును మరుసటి యేటివారును ఒక్కచో చేరుదురు. అప్పుడు నిప్పురవ్వ పడినచో మంట పెద్దదగును.

ఈ సూత్రము క్రొత్తది కాదు. ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఫారో దీవులలో 1781 తరువాత 65 ఏండ్లు తట్టు అమ్మవారు లేదు. 1846లో అది మరల ప్రవేశించి, సుమారు 7,800 మంది జనములో సుమారు 6,000 మందికి సోకెను. డెన్మార్కు వైద్యుడు పానుమ్ అచ్చటికి పోయి పరిశీలించెను. 1781లో వ్యాధి పడిన వృద్ధుల కెవ్వరికిని అది మరల రాలేదని ఆయన గమనించెను. ఆ వ్యాధి ఇచ్చు రక్షణ దీర్ఘకాలము నిలుచును, ఆర్.ఎస్.వి. ఇచ్చు రక్షణ అట్లు నిలువదు.

దీనినిబట్టి కట్టుబాట్లు వ్యర్థమనియో, బిడ్డకు వ్యాధి త్వరగా సోకుట మేలనియో తలచుట పొరపాటు. గాలిగొట్టములు ఇరుకుగా నుండు తొలి నెలలలో సోకుటకన్న, కొంత ఎదిగిన పిమ్మట సోకుటలో అపాయము తక్కువ. కనుక వాయిదా పడుట వలన ఒక్కొక్క బిడ్డకు లాభమే. చిక్కెల్ల అందరికి ఒక్కసారి వచ్చుటలో నున్నది. న్యూజిలాండులో 2020లో దాదాపు కనబడని ఈ వ్యాధి, 2021 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాతో రాకపోకలు తెరచిన పిదప ఆ శీతకాలమున విజృంభించి, ఆసుపత్రులలో శిశువుల మంచములను నింపెను. కట్టుబాట్లు సడలించునపుడే శిశువైద్యశాలలను సిద్ధపరచవలెనని ఇది నేర్పిన పాఠము.

వ్యాధి రాకుండ కాపాడు మార్గములును ఏర్పడినవి. గర్భిణికిచ్చు టీకాను, శిశువునకు నేరుగా రక్షణ నిచ్చు సూదిమందును 2023లో అమెరికా ప్రభుత్వము ఆమోదించినది. ఇవి అందని యింట సైతము, పడిశమున్నవారు శిశువును ముద్దాడక, చేతులు కడుగుకొనకుండ ఎత్తుకొనక యుండిన మేలు. బిడ్డ పాలు త్రాగలేకున్నను, ఊపిరి తీయునపుడు ప్రక్కటెముకల నడుమ చర్మము లోనికి పోవుచున్నను, పెదవులు నీలముగా మారినను, తెల్లవారువరకు వేచియుండక ఆ క్షణమే వైద్యునికడకు కొనిపోవలెను. ఋతువు కాదుగదా యని ఉపేక్షింపరాదు. వ్యాధి ఋతువు తప్పియు రాగలదు.