పల్లె వైద్యుని చెంత శిక్షణ

ఎం.డి., ఎం.ఎస్. చదివేవారు మూడు నెలలు జిల్లా వైద్యశాలల్లో పనిచేయవలెనని 2020లో నియమం వచ్చినది. కర్నూలు, కడప కళాశాలలకూ ఇది వర్తిస్తుంది. అక్కడ కొత్తగా నేర్చేదేమిటని అడిగేవారున్నారు. ఒక్క ఉదాహరణ చూడండి.

శనక్కాయ పెరికే రోజుల్లో పాము కరచిన కూలీని తెస్తారు. పామును చూచినవారుండరు. వైద్యుడు రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజుగొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూస్తాడు. రక్తం నీళ్లవలె జారితే గడ్డకట్టే శక్తి నశించినదన్నమాట. రక్తపింజర వంటి పాము విషమని తలచి వెంటనే విరుగుడు మందు ఎక్కిస్తారు.

గొట్టం గాజుదే కావలెను. గాజు తగిలినప్పుడే గడ్డకట్టే క్రియ చురుకుగా సాగుతుంది. ప్లాస్టిక్కుకు ఆ గుణం అంతగా లేదు. సబ్బుతో కడిగిన గొట్టమూ మోసం చేస్తుంది. ఇదంతా పుస్తకంలో ఉన్నదే! కాని బయట బంధువులు గోలపెడుతుండగా ఇరవై నిమిషాలు గొట్టాన్ని ముట్టకుండా ఉండడం, పెద్ద వైద్యుని పక్కన నిలబడి నేర్చుకోవలసినదే.

రక్తం గడ్డకట్టినదని రోగిని ఇంటికి పంపరాదు. పరీక్ష మళ్లీ మళ్లీ చేయవలెను. పైగా కట్లపాము విషం నరాలను పట్టుకుంటుంది. కాటుచోట వాపైనా ఉండకపోవచ్చు. కనురెప్పలు వాలుతున్నవా, మ్రింగగలుగుతున్నాడా, ఊపిరి సరిగా ఆడుతున్నదా అని శిక్షణలోనున్న యువవైద్యుడు తెల్లవారేదాకా మంచం పక్కనే కూర్చుంటాడు.