చేప పడని వారు క్షేమంగా ఉండడం ఎలా?

మన ప్రాంతంలో చేపకు ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. వరదల కాలంలో గోదావరి పులస, మృగశిర కార్తె నాడు ఇంటింటా చేపల కూర, బాలింతకు పాలు పడాలని సొర పిట్టు, ఏమీ లేని రోజున వంకాయలో నాలుగు ఎండు మెత్తళ్లు. చేప మంచి ఆహారమే, అందులో సందేహం లేదు. అయితే కొందరికి ఒక చిన్న ముక్క తిన్నా, ఆ పులుసులో పెట్టిన గరిటె తమ కూరలో పడినా ప్రాణం మీదకు వస్తుంది. దీనినే చేపల ఎలర్జీ అంటాము. మా ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు దీని గురించి తరచుగా అడిగే సందేహాలకు ఇక్కడ వివరంగా సమాధానం చెప్పదలచాము.

ఎలర్జీ అంటే ఏమిటి?

మన ఒంట్లో రోగాలతో పోరాడే రక్షణ వ్యవస్థ ఒకటి ఉంది. అది చేపలోని మాంసకృత్తును శత్రువుగా పొరబడి దానిపై యుద్ధం చేయడమే చేపల ఎలర్జీ. ఈ సంగతి తెలియడానికి కారణం ఇద్దరు జర్మన్ వైద్యులు. వారిలో హైంజ్ కుస్ట్నర్‌కు చేప పడదు. ఆయన రక్తం నుండి తీసిన సీరమ్‌ను కార్ల్ ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నారు. మరునాడు అదే చోట చేప సారం ఎక్కించగా అక్కడ దద్దురు లేచింది. ఎలర్జీని కలిగించే పదార్థం రక్తంలోనే ఉందని 1921లో వారు ఆ విధంగా లోకానికి తెలిపారు. 1960లలో ఆ పదార్థాన్ని గుర్తించి ఐజీఈ అని పేరు పెట్టారు. నేడు మనం చేయించుకునే ఎలర్జీ రక్తపరీక్షలో చూసేది దానినే.

చేప కండలో ఉండే పార్వాల్బుమిన్ అనే మాంసకృత్తు ఈ ఎలర్జీకి ముఖ్య కారణం. ఎంత ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా దాని గుణం పెద్దగా పోదు. కాబట్టి "బాగా వేపి తింటే ఏమీ కాదు" అనే మాట నమ్మకండి. ఇది చాలా రకాల చేపల్లో దాదాపు ఒకే రీతిలో ఉంటుంది. అందుచేత శీలావతి పడని వారికి బొచ్చె, కొరమేను, వంజరం కూడా పడకపోయే అవకాశం ఎక్కువ. కొందరు కొన్ని రకాలు మాత్రం తినగలరు. అది ఏ రకమో డాక్టరు సమక్షంలో తేల్చుకోవాలి గాని ఇంట్లో ప్రయోగం చేయరాదు.

రొయ్యలు, పీతల సంగతి వేరు. వాటిలో ఎలర్జీ కలిగించేది ట్రోపోమయోసిన్ అనే మరొక మాంసకృత్తు. చేప పడని వారందరికీ రొయ్యలు పడకూడదని లేదు. అయితే బజారులో రెండూ ఒకే గంపలో, ఒకే కత్తితో నడుస్తాయి గనుక జాగ్రత్త అవసరం.

లక్షణాలు

సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటల లోపు కనబడతాయి.
- నోరు, నాలుక దురద, ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, కనురెప్పలు వాయడం.
- కడుపులో మెలిపెట్టడం, వాంతులు, విరేచనాలు.
- గొంతు బిగుసుకుపోవడం, మాట బొంగురు పోవడం, ఆయాసం, పిల్లికూతలు.
- కళ్లు తిరగడం, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడడం, స్పృహ తప్పడం.

చివరి రెండు రకాలు కనబడితే అది ప్రాణాపాయం. దీనిని ఎనాఫిలాక్సిస్ అంటారు. కొన్నిసార్లు దద్దుర్లు లేకుండానే ఇది రావచ్చు.

చేప తిన్నాక ఒళ్లు ఎర్రబడిన ప్రతిసారీ అది ఎలర్జీ కాదు. కానాగంతలు, కవళ్లు, ట్యూనా వంటి చేపలను ఐసులో పెట్టకుండా ఉంచితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. వండినా అది పోదు. అటువంటి చేప తిన్న వారిలో చాలామందికి ఒకేసారి మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఇంటిల్లిపాదికీ వస్తే చేప చెడిందని అనుమానించాలి. తిన్న ప్రతిసారీ ఒక్కరికే వస్తుంటే ఎలర్జీని అనుమానించాలి. ఏది అయినా డాక్టరుకు చూపించాలి.

నిర్ధారణ

ఏ చేప, ఎంత, తిన్న ఎంతసేపటికి ఏమైంది అన్న వివరాలే అన్నింటికన్నా ముఖ్యం. వాటిని కాగితంపై రాసుకొని రండి. ఆపైన చర్మంపై సూదితో చేసే పరీక్ష, రక్తపరీక్ష సహాయపడతాయి. చర్మపరీక్షకు ముందు సిట్రిజిన్, అవిల్ వంటి మాత్రలు కొన్ని రోజులు ఆపవలసి ఉంటుంది. ఎన్నాళ్లో డాక్టరును అడగండి. పరీక్షలో పాజిటివ్ వచ్చినా, చేప తిని ఏ ఇబ్బందీ లేని వారు మానవలసిన పని లేదు. పాలు, గుడ్డు ఎలర్జీ చాలామంది పిల్లలకు పెద్దయ్యాక పోతుంది. చేపల ఎలర్జీ మాత్రం ఎక్కువమందిలో జీవితాంతం ఉంటుంది.

ఇంట్లోను, విందుల్లోను

1. చేప వండిన దాక, గరిటె, కత్తి, పీట సబ్బుతో బాగా కడిగిన తరువాతే వేరే వంటకు వాడండి. వీలైతే వేరుగా ఉంచండి.
2. చేప వేపిన నూనెలో అప్పడాలు, బజ్జీలు వేయకండి. బయట బండ్ల మీద ఏ నూనెలో వేపుతున్నారో అడగండి.
3. కొందరికి చేప ఉడికే ఆవిరి తగిలినా ఆయాసం వస్తుంది. ఆ సమయంలో వారు వంటింటికి దూరంగా ఉండాలి. చేపలు శుభ్రం చేసే ఫ్యాక్టరీల్లో పనిచేసే కొందరికి ఇలా పీల్చడం వల్లనే ఉబ్బసం వస్తుంది.
4. వంకాయ, గోంగూర కూరల్లో ఎండు చేపలు కలిశాయేమో కనుక్కోండి. చైనీస్ వంటల్లో చేప సాస్ ఉండవచ్చు. చేప నూనె గుళికలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.
5. పెళ్లి భోజనాల్లోను, సంఘ విందుల్లోను వడ్డించేవారు ఒకే గరిటెను రెండు కూరలకు వాడుతుంటారు. చేప పడని వారికి ముందుగానే విడిగా తీసి పెట్టడం మంచిది.

"ఒక్క ముక్కకు ఏమవుతుందిలే, తినరా" అని ప్రేమతో బలవంతం చేసే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వారితో మర్యాదగా, స్పష్టంగా చెప్పండి: "పిన్నీ, బాబుకు ఇష్టం లేక కాదు, తింటే ఊపిరి ఆడదు." కొంచెం కొంచెం తినిపిస్తే అలవాటవుతుందని ఇంట్లో ప్రయత్నించడం ప్రమాదం. పిల్లవాడి బడిలో, హాస్టల్లో వార్డెనుకు ఈ విషయం రాసి ఇవ్వండి.

ఉబ్బసం కూడా ఉన్నవారికి చేపల ఎలర్జీ మరింత ప్రమాదకరం. మృగశిర కార్తెకు హైదరాబాదులో ఉబ్బసానికి బ్రతికున్న కొరమేను పిల్లతో మందు మింగిస్తారని మీకు తెలుసు. చేప పడని వారు దాని జోలికి వెళ్లరాదు. ఇన్‌హేలరును మానకుండా వాడి ఉబ్బసాన్ని అదుపులో ఉంచుకోవాలి.

ప్రమాదం వచ్చినప్పుడు

దీనికి మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటి వైపు కండలోకి ఆలస్యం లేకుండా ఇవ్వాలి. అవిల్, సిట్రిజిన్ దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి గాని, మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న బీపీని నిలపలేవు. "అవిల్ వేశాం, చూద్దాం" అని ఇంటి దగ్గర కూర్చోవడం వల్ల విలువైన సమయం పోతుంది.

- వెంటనే 108కి ఫోన్ చేయండి.
- రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. లేపి నిలబెట్టడం, నడిపించడం చేయకండి.
- వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. నోట్లో ఏమీ పోయకండి.
- డాక్టరు మీకు అడ్రినలిన్ రాసి, ఇవ్వడం నేర్పి ఉంటే వెంటనే ఇవ్వండి. 5 నుండి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండవ మోతాదు అవసరం కావచ్చు.
- తగ్గినట్టు కనబడినా ఆసుపత్రికి రావాలి. కొందరిలో కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరగబెడతాయి.

అడ్రినలిన్ ఆంప్యూలు ఖరీదైనది కాదు. మోతాదు బరువును బట్టి మారుతుంది గనుక, దానిని కార్డు మీద రాయించుకొని, సిరంజితో సహా ఇంట్లో ఎక్కడ ఉందో అందరికీ తెలిసేలా ఉంచండి. ఎండకు, వెలుగుకు దూరంగా పెట్టి, గడువు తేదీ చూస్తుండండి.

మరికొన్ని సందేహాలు

స్కానింగు డై పడదా? చేపల ఎలర్జీకి, డైలోని అయోడినుకు సంబంధం లేదు. చేప పడదన్న ఒక్క కారణంతో అవసరమైన స్కానింగు మానవద్దు. గుండె ఆపరేషనులో వాడే ప్రోటమిన్ అనే మందును మాత్రం సాల్మన్ చేప నుండి తీస్తారు. కనుక ఏ ఆపరేషనుకైనా ముందు మీ ఎలర్జీ సంగతి డాక్టరుకు చెప్పండి.

చేప మానితే బలం తగ్గుతుందా? తగ్గదు. గుడ్లు, మాంసం, పప్పులు, పాలు, రాగులు తీసుకుంటే సరిపోతుంది. చేపలో ఉండే మంచి కొవ్వుకు బదులుగా కొంతవరకు అవిసె గింజలు ఉపయోగపడతాయి.

బాలింత చేప తినకపోతే పాలు పడవా? బిడ్డ ఎంత తరచుగా చీకితే పాలు అంత బాగా పడతాయి. చేప పడని తల్లికి సొర పిట్టు పెట్టకండి.

మీ ఇంట్లో చేప పడని వారు ఉంటే ఈ పేజీని కత్తిరించి వంటింటి తలుపుకు అంటించండి. ఈ వారంలోనే ఒకసారి డాక్టరును కలిసి మీ కార్డు రాయించుకోండి. మీ బంధువుల్లో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉంటే వారికి కూడా చదివి వినిపించండి.