అంతర్జాతీయ బుకర్ తుది జాబితా పఠనం: అనువాద కాలం, మూల రచనా కాలం

1. ప్రవేశిక

సాహిత్య పురస్కారాలపై జరిగే చర్చ సాధారణంగా విజేత చుట్టూనే తిరుగుతుంది. తుది జాబితాలో నిలిచిన గ్రంథాలన్నింటినీ వరుసగా చదివినప్పుడు మాత్రం, ఆ పురస్కారం దేనిని వెలుగులోకి తెస్తుందో, దేనిని మరుగుపరుస్తుందో బోధపడుతుంది. కన్నడ కథాసంపుటి 'హార్ట్ ల్యాంప్' విజేతగా నిలిచిన 2025 అంతర్జాతీయ బుకర్ తుది జాబితాను ఆధారంగా చేసుకొని, అటువంటి పఠనంలో ఎదురయ్యే ఒక సమస్యను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ సమస్య మూలరచన కాలానికి సంబంధించినది.

2. నిబంధనలు చేసే పని

2005లో ప్రారంభమైన ఈ పురస్కారాన్ని తొలినాళ్లలో రెండేళ్లకొకసారి, ఒక రచయిత సమగ్ర కృషికి ఇచ్చేవారు. 2016 నుంచి ఏటా ఆంగ్లంలోకి అనువాదమైన ఒక గ్రంథానికి ఇస్తున్నారు. 50,000 పౌండ్ల బహుమతిని రచయిత, అనువాదకులు సమానంగా పంచుకుంటారు. 2025 పురస్కారానికి 2024 మే 1 నుంచి 2025 ఏప్రిల్ 30 మధ్య బ్రిటన్‌లో గాని, ఐర్లండులో గాని ప్రచురితమైన పుస్తకాలు అర్హమైనవి. ప్రచురణకర్తలు పంపిన 154 గ్రంథాల నుంచి 13, వాటిలో నుంచి 6 ఎంపికయ్యాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఆంగ్ల ప్రచురణ తేదీ మాత్రమే. మూలరచన ఎప్పుడు వెలువడిందన్నది అర్హతకు అప్రస్తుతం.

3. ఒకే జాబితా, వేర్వేరు దశాబ్దాలు

ఆరు గ్రంథాలను మూల ప్రచురణ క్రమంలో అమర్చి చదివితే జాబితా స్వరూపమే మారిపోతుంది. అన్ సెర్ ఫ్రెంచి నవల 'ఎ లెపర్డ్-స్కిన్ హ్యాట్' 2008 నాటిది. చెల్లెలి మరణం తరువాత రచయిత్రి రాసినది. హిరోమి కవకామి జపనీయ రచన 'అండర్ ది ఐ ఆఫ్ ది బిగ్ బర్డ్' 2016లో వచ్చింది. మానవజాతి అంతరించే దశకు చేరిన సుదూర భవిష్యత్తును అది ఊహిస్తుంది. నవంబరు 18వ తేదీ నుంచి బయటపడలేని స్త్రీ కథగా సోల్వై బల్లె డేనిష్ భాషలో తలపెట్టిన ఏడు సంపుటాల నవలలో మొదటిది 2020లో వెలువడింది. విన్చెంజో లత్రోనికో 'పర్ఫెక్షన్' 2022 నాటి ఇటాలియన్ నవల. జార్జ్ పెరెక్ 1965లో రాసిన 'థింగ్స్' నవలను అది బాహాటంగానే అనుసరిస్తుంది.

వెంసాన్ ద్లక్రువా 'స్మాల్ బోట్' విషయం కొంత భిన్నం. 2021 నవంబరులో ఇంగ్లిష్ చానల్‌లో పడవ మునిగి కనీసం 27 మంది వలసజీవులు మరణించారు. వారి ఫోన్‌లకు జవాబిచ్చిన ఫ్రెంచి తీరరక్షణ ఉద్యోగినిని ఈ నవల కల్పిత పాత్రగా మాట్లాడిస్తుంది. మూలం 2023లోనే వచ్చింది. ఘటనకు, రచనకు, అనువాదానికి మధ్య దూరం ఇంత తక్కువగా ఉన్న గ్రంథం జాబితాలో ఇదొక్కటే. దీనిని సమకాలీన రచనగా చదవడంలో ఇబ్బంది లేదు. అదే దృష్టితో 'హార్ట్ ల్యాంప్'ను చదివితే పొరపాటు జరుగుతుంది.

4. 'హార్ట్ ల్యాంప్' కథల కాలం

బాను ముష్తాక్ 1990 నుంచి 2023 వరకు రాసిన కథల నుంచి ఎంపిక చేసిన 12 కథల సంపుటి ఇది. దీపా భాస్తి అనువదించారు. ఈ సంపుటికి సమానమైన కన్నడ గ్రంథం ఒకటంటూ లేదు; వేర్వేరు సంపుటాలలోని కథలు ఆంగ్లంలోనే తొలిసారి ఈ రూపంలో ఒకచోట చేరాయి. న్యాయవాదిగా, 'లంకేశ్ పత్రిక' విలేకరిగా పనిచేసిన ముష్తాక్ కన్నడ బండాయ సాహిత్యోద్యమం నుంచి వచ్చిన రచయిత్రి. ముస్లిం స్త్రీలకు మసీదు ప్రవేశ హక్కు ఉండాలన్నందుకు 2000లో ఆమె సామాజిక బహిష్కరణను ఎదుర్కొన్నారు. ఆ ఘటనకు ముందు రాసిన కథ ఏది, తరువాతిది ఏది అన్న ప్రశ్న పరిశోధకునికి అత్యవసరం. పక్కపక్కన ముద్రితమైన కథలు దానికి వాటంతట అవి సమాధానం చెప్పవు.

ఈ సంపుటిలో 'బ్లాక్ కోబ్రాస్'గా కనిపించే 'కరి నాగరగళు' కథ ఆధారంగా గిరీశ్ కాసరవళ్లి 2004లోనే 'హసీనా' చిత్రాన్ని రూపొందించారు. రెండు దశాబ్దాల క్రితమే కన్నడ సమాజంలో చర్చకు వచ్చిన కథను బుకర్ పాఠకుడు 2025 నాటి కొత్త గొంతుగా స్వీకరిస్తాడు. ఇందులో అనువాదకురాలి తప్పేమీ లేదు. జాబితా అన్నది అన్నింటికీ ఒకే తేదీ వేస్తుంది.

5. అనువాద భాష, తెలుగు పాఠకుడు

దీపా భాస్తి కన్నడ, ఉర్దూ, అరబ్బీ పదాలను వాలు అక్షరాలలో వేరుచేసి చూపలేదు, పాదసూచికలూ ఇవ్వలేదు. ఈ నిర్ణయం వల్ల ఆంగ్ల పాఠకుడు ఆగే చోట తెలుగు పాఠకుడు ఆగడు. 'షాయిస్తా మహల్'కు సంబంధించిన మొదటి కథలో కథకురాలు భర్తను ఏమని పేర్కొనాలని తర్కించుకుంటుంది. 'యజమాన' అంటే తాను సేవకురాలు కావలసి వస్తుందన్న ఆమె వ్యంగ్యం 'యజమాని' అన్న మాట తెలిసిన మనకు వివరణ లేకుండానే అందుతుంది. భార్యపై ప్రేమను గొప్పగా చాటుకున్న ఇఫ్తికార్ ఆమె మరణించిన కొద్దికాలానికే మరో పెళ్లికి సిద్ధపడడం ఆ వ్యంగ్యాన్ని కథ చివర నిజం చేస్తుంది. ఇంత దగ్గరి భాషలోని కథ తెలుగు విశ్వవిద్యాలయాల తరగతి గదులకు ఇంగ్లండు మీదుగా చేరడం మాత్రం ఆలోచించవలసిన విషయమే.

భారతీయ భాషల నుంచి 2022లో గీతాంజలిశ్రీ హిందీ నవల విజేతగా నిలిచింది. 2023లో పెరుమాళ్ మురుగన్ తమిళ నవల తొలి జాబితాకు చేరింది. 2025 వరకు ఏ జాబితాలోనూ తెలుగు గ్రంథం లేదు. దీని ఆధారంగా తెలుగు కథ స్థాయిని నిర్ణయించడం అసంబద్ధం. బ్రిటన్‌లో ప్రచురణకర్త దొరకని అనువాదం పరిశీలనకే వెళ్లదు.

తెలుగులో ముస్లింవాద సాహిత్యం 1990లలో బలపడింది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', స్కైబాబ సంపాదకత్వంలోని 'వతన్' కథాసంకలనం ముష్తాక్ కథలతో తులనాత్మక అధ్యయనానికి అనువైనవి. అయితే 'హార్ట్ ల్యాంప్'ను 2025 గ్రంథంగా ఎదుట పెట్టుకొని పోల్చితే తెలుగు కథలు ముందువిగా, కన్నడ కథలు తరువాతివిగా కనిపిస్తాయి. అవి చాలావరకు ఒకే దశాబ్దాలకు చెందినవి. అందువల్ల ఈ తులనకు పూనుకునే పరిశోధకుడు 'ఎదెయ హణతె' మొదలైన కన్నడ సంపుటాలను సేకరించి, ఆంగ్ల సంపుటిలోని 12 కథలకూ తొలి ప్రచురణ సంవత్సరాలను నిర్ధారించుకున్న తరువాతే విశ్లేషణ మొదలుపెట్టవలసి ఉంటుంది.