మీకు తెలుసా? అడ్రస్‌లో ‘+’ తప్పు కాదు
ఈమెయిల్ అడ్రస్‌లో @కు ముందు ‘+’ ఉండొచ్చు, అపాస్ట్రఫీ కూడా ఉండొచ్చు. అయినా కొన్ని వెబ్ ఫారాలు వాటిని చూడగానే ‘చెల్లదు’ అని ఎర్రక్షరాలతో కసురుకుంటాయి. చివరి చుక్క తర్వాత నాలుగు అక్షరాలు మించకూడదని పట్టుబట్టేవీ ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఆరక్షరాల ‘డాట్ మ్యూజియం’ 2001లోనే వచ్చిందన్న కబురు వాటికింకా అందినట్టు లేదు!

2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6531 ప్రమాణం ప్రకారం అడ్రస్ తెలుగు లిపిలోనూ ఉండొచ్చు. తెలుగులో రాసే ‘.భారత్’ డొమైనూ ఉంది. బ్రౌజర్లు ఈమెయిల్ గడికి పాటిస్తూ వచ్చిన నియమానికి మాత్రం @కు ముందు అఆలు రావు.

అసలు రూపం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆ ఇన్‌బాక్స్ ఉన్నట్టు కాదు. ఫారం చూడాల్సింది @ ఉందా, మొత్తం 254 బైట్లు దాటిందా అన్నంతవరకే. మిగతాది తేల్చేది ఆ అడ్రస్‌కు పంపే ధ్రువీకరణ లింకే.